ముప్ఫై సీడీల బ్యాండు అనంతపురం దాకా

2016లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో, ఆక్స్‌ఫామ్ సంస్థ నడిపే పాత వస్తువుల దుకాణంలో ఎవరికో ఒక సీడీ దొరికింది. అట్ట మీద జపాన్ కామిక్స్ (మాంగా) బొమ్మ, పాంచికో అనే బ్యాండు పేరు, 2000 అనే సంవత్సరం, ఇంటిపేర్లు లేని నలుగురి పేర్లు. అంతకుమించి వివరం లేదు. సీడీ లోపలి మెరుపు పూత చెడిపోవడంతో పాటలు సాగేకొద్దీ గరగర పెరుగుతూ పోయింది. ఆ గరగర చాటున మంచి పాటలున్నాయని మాత్రం విన్నవాళ్లకు వెంటనే తెలిసిపోయింది. అట్ట ఫోటో, ఆ తర్వాత పాటలు నెట్‌లోకి ఎక్కాయి. ఒకరికొకరు ముఖపరిచయం లేని మనుషులు దాదాపు నాలుగేళ్లపాటు ఆ నలుగురి కోసం వెతికారు. ధర చీటీని బట్టి అది ఏ దుకాణంలో అమ్ముడుపోయిందో తేల్చారు. ఆ చుట్టుపక్కల ఆ పేర్లున్నవాళ్లకు ఫేస్‌బుక్‌లో సందేశాలు పంపారు. 2020 జనవరిలో గాయకుడు దొరికాడు. కుర్రతనంలో ముప్ఫై దాకా సీడీలు చేయించి, పట్టించుకున్నవాళ్లు లేక వదిలేసిన పాటలకు వేల మంది అభిమానులున్నారని అతనికి అప్పుడే తెలిసింది. బ్యాండు మళ్లీ కూడింది. అమెరికాలో కచేరీలు చేసింది. 2023లో కొత్త ఆల్బం కూడా తెచ్చింది.

ఈ రోజు అనంతపురం హాస్టల్ గదిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న ఇంజినీరింగ్ విద్యార్థికి ఆ పాటలు ఒక్క వేలి దూరంలో ఉన్నాయి. మంచి పాట ఎప్పటికైనా తనంతట తాను పైకి వస్తుందని ఇలాంటి కథలు విన్నప్పుడు అనిపిస్తుంది. పాంచికో కథ నిజానికి చెప్పేది ఇంకొకటి. ఒక సీడీ ఎక్కడో చెక్కుచెదిరైనా మిగిలింది. దాని మీద నాలుగు పేర్లు, ఒక సంవత్సరం రాసి ఉన్నాయి. ఆ చిన్న ఆధారం పట్టుకుని మనుషులు పనిగట్టుకుని వెతికారు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ పాటలు లేవు. మరుగున పడిన ఇండీ పాప్ బ్యాండ్లు ఎలా తిరిగి వచ్చాయో ఒక్కొక్కటిగా చూస్తూ పోతే పాట గొప్పదనం కన్నా దాన్ని దాచిన చేతులే ఎక్కువ కనిపిస్తాయి.

ఇండీ పాప్ అంటే 1990లలో టీవీలో హోరెత్తిన హిందీ ప్రైవేటు ఆల్బమ్‌లు కావు. పెద్ద కంపెనీల ఊసు లేకుండా, సొంత డబ్బుతో, చిన్న లేబుళ్ల (రికార్డులు విడుదల చేసే సంస్థల) ద్వారా వచ్చిన పాప్ సంగీతం. 1977 జనవరిలో మాంచెస్టర్ బ్యాండు బజ్‌కాక్స్ 500 పౌండ్లు అప్పు తెచ్చి, వెయ్యి రికార్డులు అచ్చు వేయించి తామే అమ్ముకుంది. రికార్డు చేయడానికి కంపెనీ అనుమతి అక్కర్లేదని బ్రిటన్ కుర్రకారుకు అప్పుడు తెలిసొచ్చింది. 1986లో ఎన్‌ఎంఈ అనే బ్రిటిష్ సంగీత వారపత్రిక రఫ్ ట్రేడ్ లేబుల్‌తో కలిసి 22 బ్యాండ్ల పాటలతో సీ86 అనే క్యాసెట్టు తెచ్చి, పాఠకులకు తపాలాలో పంపింది. గలగలమనే గిటార్లు, బిడియంగా పాడే గొంతు, చవక స్టూడియో ధ్వని. ఆ తరహాకు ఆ క్యాసెట్టు పేరే గుర్తుగా మిగిలింది. అందులోని చాలా బ్యాండ్లు కొన్నేళ్లకే చెదిరిపోయాయి.

ఆ క్యాసెట్టు తపాలాలో తిరుగుతున్న రోజుల్లో కడపలోనో కర్నూలులోనో ఒక యువకుడికి అది చేరే దారి ఉందా? లేదనే చెప్పాలి. ఇక్కడి ఊళ్లలో పాటకు అప్పుడున్న దారులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 1963 నుంచి కడప ఆకాశవాణి ఉంది, వివిధభారతి ఉంది, రాత్రిపూట సిలోన్ రేడియో ఉంది. బజారులో రికార్డింగ్ సెంటర్లు ఉండేవి. కావలసిన పాటల పేర్లు చీటీ మీద రాసిస్తే ఖాళీ క్యాసెట్టులో ఎక్కించి ఇచ్చేవారు. చీటీ రాయాలంటే పాట పేరు ముందే తెలిసి ఉండాలి కదా. సినిమా పాట పేరు అందరికీ తెలుసు. ఇంగ్లిషులో బోనీ ఎం, అబ్బా, మైకేల్ జాక్సన్ తెలుసు. బెంగళూరు బ్రిగేడ్ రోడ్డు దాకా పోగలిగినవాళ్లకు ఇంకొన్ని రాక్ బ్యాండ్లు తెలుసు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో అద్దె ఇంటి నుంచి నడిచే లేబుల్ వెయ్యో రెండు వేలో అచ్చు వేసిన రికార్డు పేరు చీటీ మీదికి ఎక్కే అవకాశం లేదు. బ్రిటన్ శ్రోతకు 1967 నుంచి 2004 దాకా బీబీసీ రేడియో 1లో జాన్ పీల్ ఉన్నాడు. ఎవరూ వినని బ్యాండ్లను స్టూడియోకి పిలిచి పాడించి, రాత్రివేళ దేశమంతా వినిపించడమే ఆయన పని. అలాంటి వినిపించే మనిషి లేని చోట చీటీలో ఉన్న పాటే మళ్లీ మళ్లీ ఎక్కుతుంది.

అందుకే రాయలసీమ శ్రోతకు ఈ బ్యాండ్లు మళ్లీ దొరకడం లేదు, మొదటిసారి దొరుకుతున్నాయి. ఇది పైకి కనిపించేదానికన్నా పెద్ద తేడా. లండన్‌లో యాభై దాటిన మనిషి 1988 నాటి పాట మళ్లీ వింటే అందులో తన కాలేజీ రోజులుంటాయి. అనంతపురంలో ఇరవై ఏళ్ల అమ్మాయికి 1988 పాట, నిన్న విడుదలైన పాట పక్కపక్కనే, ఒకే రోజు, ఒకే తెర మీద వస్తాయి. ఆ పాటతో ఆమెకు జ్ఞాపకాల బంధం లేదు. చెవికి నచ్చితే వింటుంది, లేకుంటే దాటేస్తుంది. అప్పటి పత్రికల తిట్లు, అప్పటి ఫ్యాషన్ తగాదాలు ఆమె చెవికి అడ్డం రావు. కొన్ని బ్యాండ్లకు తమ దేశంలో దక్కని న్యాయం ఇలాంటి శ్రోతల దగ్గర దక్కుతోంది.

బ్రిస్టల్ లేబుల్ సంగతే చూడండి. 1987లో క్లేర్ వాడ్, మాట్ హేన్స్ అనే ఇద్దరు సారా రికార్డ్స్ మొదలుపెట్టారు. ఫీల్డ్ మైస్, ఆర్కిడ్స్, హెవెన్లీ, బ్లూబాయ్ వంటి బ్యాండ్ల పాటలను ఎక్కువగా ఏడంగుళాల సింగిల్స్‌గా, అంటే కొద్ది పాటలుండే చిన్న రికార్డులుగా తెచ్చారు. ఒకే పాటను రకరకాల రూపాల్లో అమ్మి అభిమాని జేబు ఖాళీ చేయడం అప్పట్లో పెద్ద కంపెనీల అలవాటు. సారా వాళ్లు దాన్ని సూత్రంగా కాదన్నారు. ప్రతి రికార్డుకూ వరస సంఖ్య ఇచ్చారు, లోపల ఉత్తరంలాంటి కాగితం పెట్టారు, తిరిగి రాయడానికి చిరునామా ఇచ్చారు. 1995 ఆగస్టులో సారా 100 విడుదల చేసి, పత్రికల్లో ప్రకటన వేసి, లేబుల్‌ను తామే మూసేశారు. ఉన్నంత కాలం సంగీత పత్రికలు వాళ్లను మెత్తని మనుషులు, పసిపిల్లల పాటలు అని ఎగతాళి చేశాయి. గిటారు అరవాలి, గాయకుడు గర్జించాలి అనే కొలతతో కొలిస్తే ఫీల్డ్ మైస్ పాట తక్కువగానే తూగుతుంది. ఒంటరితనాన్ని అరవకుండా చెప్పడం ఎంత కష్టమో ఆ కొలతకు అందదు. ఇప్పుడు ఆ సింగిల్స్‌ను సేకరించేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. వరస సంఖ్యలు, కాగితాలు, చిరునామాలు ఉండబట్టే ఎవరు ఏ పాటలో ఉన్నారో ఈ రోజుకీ తేల్చి చెప్పగలుగుతున్నారు.

పాత రోజుల్లో తిరిగి రావడానికి ఒక పెద్ద పేరు మాట సాయం చేసేది. స్కాట్లాండ్ బ్యాండు వాసెలీన్స్ 1989లో ఆల్బం వచ్చీ రాగానే విడిపోయింది. అమెరికా రాక్ బ్యాండు నిర్వాణ గాయకుడు కర్ట్ కొబేన్‌కు వాళ్ల పాటలంటే ప్రాణం కావడంతో ఆ బ్యాండు వాటిలో కొన్నింటిని పాడింది. 1992లో సబ్ పాప్ లేబుల్ ఆ పాటలన్నీ ఒకచోట చేర్చి మళ్లీ తెచ్చింది. ఇక్కడ కూడా కొబేన్‌కు ముందు ఎవరో ఒకరు ఆ రికార్డు చేతికిచ్చి వినమని ఉండాలి. ఆ మనిషి పేరు చరిత్రలో ఉండదు.

రాయలసీమ ఊళ్లతో పోల్చి చూడదగ్గది న్యూజీలాండ్‌లోని డునెడిన్. దేశం దక్షిణపు కొసన, లక్ష చిల్లర జనాభాతో ఉన్న విశ్వవిద్యాలయ పట్టణం. రాజధానికి దూరం, కంపెనీలకు దూరం, లండన్‌కు మరీ దూరం. 1981లో క్రైస్ట్‌చర్చ్‌లో రికార్డుల దుకాణంలో పనిచేసే రోజర్ షెపర్డ్ ఫ్లయింగ్ నన్ అనే లేబుల్ పెట్టాడు. డునెడిన్ బ్యాండు క్లీన్ తొలి సింగిల్ రికార్డింగు ఖర్చు 50 డాలర్లు. ఆ పాట ఆ దేశపు టాప్ 20లోకి వెళ్లింది. తర్వాత చిల్స్, వెర్లైన్స్, బ్యాట్స్ వచ్చాయి. క్రిస్ నాక్స్ అనే సంగీతకారుడు తన నాలుగు ట్రాకుల టేపు యంత్రాన్ని మోసుకెళ్లి, ఎక్కడ కుదిరితే అక్కడ ఈ కుర్రాళ్ల పాటలు రికార్డు చేశాడు. డునెడిన్‌లో కుర్రాళ్లకు ఏదో ప్రత్యేకమైన ప్రతిభ పుట్టుకతో వచ్చిందనుకోవడం తేలిక. అక్కడ ఉన్నవి చవక అద్దెలు, విశ్వవిద్యాలయం, ఒకరి పాట ఒకరు వినే చిన్న గుంపు, ఒక టేపు యంత్రం, ఒక లేబుల్.

అనంతపురంలో విశ్వవిద్యాలయాలున్నాయి, చవక గదులున్నాయి, జనాభా రెండున్నర లక్షలు దాటింది. కడప, కర్నూలు అంతకన్నా పెద్దవి. పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు ఏనాడూ కొదువ లేదు. 1885లో సురభి నాటక సమాజం పుట్టింది కడప జిల్లాలోని సురభి గ్రామంలోనే. పెళ్లికి, జాతరకు, గణేశ్ మంటపానికి ఆర్కెస్ట్రా ఉంటుంది. కీబోర్డు, ప్యాడ్స్, గిటారు వాయించే చేతులు ఊరూరా ఉన్నాయి. ఆ చేతులకు కూలి వచ్చేది సినిమా పాట వాయిస్తేనే. సొంతంగా కట్టిన పాటను కాలేజీ వార్షికోత్సవంలో ఒకసారి పాడతారు, చప్పట్లు కొడతారు, మరుసటి ఏడాది ఆ కుర్రాళ్లు ఉద్యోగాలకు బెంగళూరో హైదరాబాదో వెళ్లిపోతారు. లేనిది ఆ పాటను పట్టి, పేరు పెట్టి, వరస సంఖ్య వేసి దాచే మనిషి. డునెడిన్‌కూ మనకూ తేడా అక్కడే వచ్చింది.

మన దేశంలోనూ పాటలు తిరిగొచ్చిన దాఖలాలున్నాయి. 1970ల నడుమ కలకత్తాలో గౌతం చట్టోపాధ్యాయ ఆధ్వర్యంలో మొహీనేర్ ఘోరాగులి అనే బృందం పుట్టింది. 1977-79 మధ్య మూడు చిన్న రికార్డులు తెచ్చింది, పెద్దగా ఎవరూ వినలేదు, 1980ల మొదట్లో ఆగిపోయింది. 1995లో గౌతం కొత్త తరం గాయకులను కూడగట్టి ఒక సంకలనం తెచ్చేసరికి బెంగాలీ యువత విరగబడింది. అందులోని ఒక బాణీ 2006లో హిందీ సినిమాలోకి ఎక్కి దేశమంతా మోగింది. ఆ బాణీ పుట్టిల్లు ఏదో తెలిసి పాడుకున్నవాళ్లు తక్కువ. రూపా బిశ్వాస్‌ది ఇంకో తీరు. 1980ల మొదట్లో కెనడాలోని కాల్గరీ వెళ్లినప్పుడు సరోద్ విద్వాంసుడు ఆశిష్ ఖాన్ తదితరులతో కలిసి ఆమె పాడిన డిస్కో జాజ్ అనే ఆల్బం 1982లో వచ్చి మాయమైంది. దశాబ్దాల తర్వాత పరదేశాల్లో ఆ రికార్డు కోసం జనం వెతుక్కుంటున్నారని ఆమె కొడుకు గమనించాడు. షికాగో లేబుల్ న్యూమెరో గ్రూప్ 2019లో దాన్ని మళ్లీ విడుదల చేసింది. అది ఇండీ పాప్ అవునా కాదా అనే చర్చ ఇక్కడ అనవసరం. అట్ట మీద గాయని పేరుంది, ఇంట్లో ఒక ప్రతి మిగిలింది, మళ్లీ వేసేవాళ్లకు అనుమతి ఎవరిని అడగాలో తెలిసింది.

ఇప్పుడు అడక్కుండానే పాట వినిపించే పని యంత్రం, అంటే పాటల యాప్‌లోని అల్గారిథం చేస్తోంది. దాని వల్ల మేలు జరగలేదనడం అన్యాయం. అమెరికన్ బ్యాండు పేవ్‌మెంట్ 1999లో ఒక చిన్న రికార్డు వెనక వైపు పడేసిన పాట హార్నెస్ యువర్ హోప్స్. ఇరవై ఏళ్ల తర్వాత స్పాటిఫైలో అది వాళ్ల పాటలన్నింటికన్నా పైకి వెళ్లింది. ఆల్బం అయిపోగానే దానంతట అదే మరో పాట మొదలయ్యే ఏర్పాటు అందుకు కారణం కావచ్చని విశ్లేషకులు అన్నారు. గెలాక్సీ 500 బ్యాండుకూ స్ట్రేంజ్ అనే పాటతో ఇలాగే జరిగింది. ఆ బ్యాండు డ్రమ్మర్ డేమన్ క్రుకోవ్‌స్కీ దీన్ని తవ్వి చూసి ఒక సంగతి పట్టుకున్నాడు. ఆ పాట వాళ్ల మిగతా పాటలకన్నా, ఇతర బ్యాండ్ల పాటలకే ఎక్కువ దగ్గరగా ఉంటుంది. యంత్రం ఒక పాట నుంచి దాన్ని పోలిన మరో పాటకు దారి వేస్తుంది. ఎవరినీ పోలని పాట దగ్గరికి ఆ దారి వెళ్లదు. ఇండీ పాప్‌లో అసలు విలువైనవి తరచూ ఆ పోలని పాటలే. మనిషి ఇచ్చే సలహాకు, యంత్రం ఇచ్చే సలహాకు ఉన్న తేడా ఇది. నీకు ఇది నచ్చదేమో, అయినా ఒకసారి విను అని మనిషి మాత్రమే అనగలడు.

యంత్రం గుప్పిట్లో డబ్బు కూడా ఉంది. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటకు గడిచిన పన్నెండు నెలల్లో వెయ్యి వినికిడులు లేకపోతే రికార్డింగు రాయల్టీ లెక్కలోకి రాదు. ఎవరికీ తెలియని బ్యాండుకు ఆ కొద్ది పైసలు బతుకుతెరువు కావు, నిజమే. మరుగున ఉన్నవాటిని అధికారికంగా సున్నాగా లెక్కించడం మాత్రం చిన్న విషయం కాదు. దీనికి భిన్నంగా బ్యాండ్‌క్యాంప్ అనే వెబ్‌సైటులో శ్రోత నేరుగా బ్యాండు దగ్గరే కొంటాడు, ఎవరు వాయించారో, ఏ ఊరో చదవగలడు. 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాల్లో ఆ సంస్థ తన వాటా వదులుకుంటోంది. ఒక చిన్న బ్యాండును నిజంగా తెలుసుకోవాలంటే ఈ రోజుకీ అంతకన్నా మంచి చోటు లేదు.

నెట్‌లో పెడితే చాలు, పదిలంగా ఉంటుందనే భరోసా కూడా నిలవదు. 2003 నుంచి 2015 దాకా తన దగ్గరికి ఎక్కించిన సంగీతమంతా సర్వర్ల మార్పిడిలో పోయిందని 2019 మార్చిలో మైస్పేస్ అనే సామాజిక మాధ్యమం ఒప్పుకుంది. సుమారు 5 కోట్ల పాటలు. ఆ పన్నెండేళ్లలో ప్రపంచమంతటా ఇండీ బ్యాండ్లు తమ తొలి రికార్డింగులు పెట్టుకున్నది అక్కడే. మన దగ్గర క్యాసెట్టును ఎండ, దుమ్ము, బూజు తిన్నాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు మునిగినప్పుడు ఇళ్లలో దాచుకున్నవెన్నో బురదపాలయ్యాయి. తర్వాత పాటలు మెమరీ కార్డుల్లోకి ఎక్కాయి. పాట పేరు స్థానంలో ట్రాక్ 01 అని మాత్రమే మిగిలిన రోజులవి. ఎవరు పాడారో తెలియని ఫైలు చెడిపోయిన సీడీ కన్నా నిరుపయోగం. పాంచికో సీడీ మీద కనీసం నాలుగు పేర్లున్నాయి.

ఇప్పటి బ్యాండ్లకు వచ్చిన కష్టం వేరు. 1986లో రికార్డు దొరక్క మరుగునపడేవి. రోజుకు లక్షకు పైగా పాటలు నెట్‌లోకి ఎక్కే ఈ రోజుల్లో దొరికి కూడా మరుగునపడుతున్నాయి. కలకత్తా జంట పారేఖ్ అండ్ సింగ్ 2016లో తెచ్చిన ఓషన్ ఆల్బంను లండన్ లేబుల్ పీస్‌ఫ్రాగ్ ఎత్తుకుంది, విదేశీ పత్రికలు రాశాయి. అంత మెత్తని, పొందికైన పాప్ మన దేశంలో అరుదు. అయినా మన ఊళ్లలో విన్నవాళ్లు ఎందరు? హైదరాబాదులో చౌరస్తా బ్యాండు తెలుగులో సొంత పాటలతో పేరు తెచ్చుకుంది. ఆ గొంతు, రామ్ మిరియాల, ఊరూరా తెలిసింది మాత్రం సినిమా పాటతోనే. తెలుగు బ్యాండ్లకు వెతుకులాటలో ఇంకో చిక్కుంది. పేరును ఇంగ్లిషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కో తీరుగా రాస్తారు. ఒక అక్షరం అటూ ఇటూ అయితే పాట కనపడదు. బ్యాండు తన పేరును తెలుగు లిపిలో కూడా ఇవ్వడం ఖర్చులేని పని, చేసేవాళ్లు తక్కువ.

శ్రోత వైపు నుంచి దారి ఏమిటంటే, పాట నచ్చగానే తర్వాతి పాటకు దూకకుండా దాని కింద ఉన్న వివరాలు చదవడం. ఏ లేబుల్, ఏ ఏడాది, డ్రమ్స్ ఎవరు, రికార్డు చేసింది ఎవరు. హెవెన్లీ నుంచి మొదలుపెడితే అమీలియా ఫ్లెచర్ పేరు తగులుతుంది. ఆమె వెనక్కి వెళితే టాలులా గోష్, ముందుకు వస్తే ఆమె, రాబ్ పర్సీ కలిసి ఇప్పుడు నడుపుతున్న స్కెప్ వాక్స్ లేబుల్, ఆ లేబుల్‌లో ఈ ఏటి కొత్త బ్యాండ్లు. ముప్ఫై అయిదేళ్ల గతం, వర్తమానం ఒకే మనిషి చుట్టూ కలుస్తాయి. ఏ జాబితా కూడా ఇలా తీసుకెళ్లదు. దొరికినవన్నీ ఆణిముత్యాలు కావు. పాతదైనంత మాత్రాన, అరుదైనంత మాత్రాన పాట బాగుండదు. వేలంలో వేల రూపాయలు పలికే రికార్డుల్లో ఒక్కసారికి మించి వినలేనివి చాలా ఉన్నాయి. ఆ వేలం డబ్బులో బ్యాండుకు దక్కేది కూడా ఏమీ ఉండదు.

ఇక మన కాలేజీల్లో, చిన్న స్టూడియోల్లో రికార్డయిన సొంత పాటల సంగతి. ఎక్కడో అటక మీద 1995 నాటి క్యాసెట్టు దొరికి, ఎవరైనా దాన్ని మళ్లీ విడుదల చేయాలనుకుంటే చట్టం ముందు నిలబడాలి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగుకు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల హక్కు ఉంటుంది. అంటే 1995లో విడుదలైన క్యాసెట్టుకు 2055 ముగిసేదాకా. ఆ హక్కు మొదట పాడినవాళ్లది కాదు, రికార్డింగు చేయించిన బాధ్యుడిది. అది కాలేజీ కావచ్చు, స్టూడియో యజమాని కావచ్చు, చందాలు వేసుకున్న కుర్రాళ్లు కావచ్చు. మాట రాసినవారికి, బాణీ కట్టినవారికి విడిగా హక్కులుంటాయి. ఈ పేర్లు క్యాసెట్టు అట్ట మీదో, ఒక నోటు పుస్తకంలోనో, కనీసం ఫైలు పేరులోనో ఉంటే ఒక వారంలో అనుమతి తేవచ్చు. లేకపోతే కర్నూలులోనో కడపలోనో పాతికేళ్లకు పైగా ఆర్కెస్ట్రాలు నడిపినవాళ్లను, రికార్డింగ్ సెంటర్ నడిపినవాళ్లను ఒక్కొక్కరిని అడుగుతూ పోవాలి. వాళ్లలో పెద్దవాళ్లు ఇంకా ఉన్నప్పుడే అడగాలి.